చిన్న ఊరి పక్కన నదిలో గాలం వేయడానికి వెళ్తున్నారా? ట్రిప్ ఇలా ప్లాన్ చేసుకోండి

నదిలో చేపలు పట్టడానికి వెళ్దామనుకోగానే చాలామంది ముందు రాడ్డు (గాలం కర్ర), దారం చుట్టే రీలు కొంటారు. తర్వాత ఊరు చూసుకుంటారు, ఆ తర్వాత బస. నది ఎలా ఉందో కనుక్కునేది చివర్లో, చాలాసార్లు అక్కడికి చేరాకే. ఈ వరసను తిరగేయాలని నా గట్టి నమ్మకం. ముందు నది, తర్వాత అక్కడి నిబంధనలు, తర్వాత చేప, ఆఖరున సామాను. చెరువు ఇవాళ ఉన్నట్టే రేపూ దాదాపు ఉంటుంది. నది అలా ఉండదు. ఎగువన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ ఎండ కాస్తున్నా నీరు పెరుగుతుంది. గేట్లు ఎత్తితే గంటలో రేవు మెట్లు మునిగిపోతాయి. అందుకే నది ట్రిప్‌లో ప్లానింగ్ సగం పని.

ఇది ఒడ్డు మీద నిలబడి, లేదా మోకాలి లోతు వరకు దిగి గాలం వేసేవాళ్ల కోసం రాసింది. వలలు, పడవల జోలికి వెళ్లడం లేదు.

రెండు మూడు వారాల ముందు: నదిలో ఏ భాగమో తేల్చుకోండి

"ఫలానా నదికి వెళ్తున్నాం" అనుకుంటే సరిపోదు. నది పొడవునా ఒకేలా ఉండదు. మీకు కావాల్సింది ఊరికి దగ్గర్లో, నడిచి చేరగలిగే మూడు నాలుగు కిలోమీటర్ల భాగం. ఫోన్‌లో ఉపగ్రహ చిత్రాలు తెరిచి ఆ భాగాన్ని పైనుంచి చూడండి. వంపులు ఎక్కడున్నాయి, ఉపనదో వాగో వచ్చి ఎక్కడ కలుస్తోంది, వంతెనలు, ఇసుక మేటలు, ఒడ్డున చెట్ల వరసలు ఎక్కడున్నాయి అన్నవి గుర్తుపెట్టుకోండి. వంపు తిరిగే చోట బయటి వైపు నీరు వేగంగా కొట్టి గట్టును కోస్తుంది, అక్కడ లోతు ఎక్కువ. లోపలి వైపు వేగం తగ్గి ఇసుక పేరుకుంటుంది, అక్కడ లోతు తక్కువ. ఈ ఒక్క విషయం తెలిసినా ఇంట్లో కూర్చునే సగం స్థలాలు వడకట్టొచ్చు. వేరు వేరు కాలాల్లో తీసిన చిత్రాలు దొరికితే ఇంకా మంచిది. ఎండాకాలం చిత్రంలో బండలు, గుంతలు బయటపడి కనిపిస్తాయి. నీరు నిండుగా ఉన్నప్పుడు అవే చేపలు నిలిచే చోట్లు.

మూడు చోట్లు ఎంచుకోండి. రెండు అసలైనవి, ఒకటి నీరు పెరిగినా క్షేమంగా నిలబడగలిగేది. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. చివరికి వాన పడిన రోజు ట్రిప్‌ను నిలబెట్టేది అదే.

చిన్న ఊరిని మకాంగా ఎంచుకోవడంలో లాభం ఏమిటంటే నదికి, బసకు మధ్య దూరం తక్కువ. తెల్లవారకముందే ఒడ్డుకు చేరొచ్చు, మధ్యాహ్నం ఎండకు వెనక్కి వచ్చి సాయంత్రం మళ్లీ వెళ్లొచ్చు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఊర్లో గాలం సామాను దొరక్కపోవచ్చు, డాక్టరు ఉండకపోవచ్చు, చివరి బస్సు త్వరగా వెళ్లిపోవచ్చు, నది దగ్గర ఫోన్ సిగ్నల్ ఉండకపోవచ్చు. ఈ నాలుగింటినీ ముందే ఒక కాగితం మీద రాసుకోండి. దగ్గర్లోని ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి తెరిచి ఉంటుందా అన్నది తప్పక కనుక్కోండి.

అనుమతి: ఇక్కడ ఊహలు పనికిరావు

నది అందరిదీ అన్నట్టు కనిపిస్తుంది. చేపల వేట హక్కు మాత్రం అందరిదీ కాకపోవచ్చు. కొన్ని చోట్ల మత్స్య శాఖ లైసెన్సు కావాలి. కొన్ని చోట్ల ఆ భాగం మత్స్యకారుల సంఘానికి చెంది ఉంటుంది. కొన్ని చోట్ల ఒడ్డు భూమి ప్రైవేటుది, దాటాలంటే యజమానిని అడగాలి. అభయారణ్యం పరిధిలోకి వస్తే గాలమే నిషేధం కావచ్చు. మీరు వెళ్లే చోటికి సంబంధించి ఐదు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా దొరికేదాకా తేదీ ఖాయం చేసుకోవద్దు: లైసెన్సు కావాలా, ఇప్పుడు వేట నిషేధ కాలమా, ఏ జాతులను ముట్టుకోకూడదు, కనీస సైజు ఎంత, రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చు.

నిషేధ కాలం ఊరికే పెట్టింది కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలం జాతిని బట్టి మారుతుంది. బొచ్చె, రోహు లాంటివి వానాకాలపు కొత్త నీటిలో ఎదురీదుతూ వెళ్లి గుడ్లు పెడతాయి. చల్లటి నీటి బ్రౌన్ ట్రౌట్ చలికాలం ముందు గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. ఆ సమయంలో అవి గుంపుగా, అలసిపోయి, సులభంగా దొరికే స్థితిలో ఉంటాయి. అప్పుడు ఒక తల్లి చేపను పట్టుకుపోతే వేలల్లో, పెద్ద జాతుల్లో అయితే లక్షల్లో గుడ్లు పోతాయి. కొర్రమీను మరో రకం. తల్లీతండ్రీ పిల్లల గుంపుకు కాపలా కాస్తాయి. నీటిపై ఎర్రటి చిన్న పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే కింద పెద్దవి ఉన్నాయని అర్థం. ఆ సమయంలో దేన్ని దగ్గరికి విసిరినా అవి కోపంతో కొరుకుతాయి కాబట్టి పట్టడం తేలిక. దయచేసి పట్టకండి. ఆ పెద్దవి పోతే పిల్లలను ఇతర చేపలు తినేస్తాయి. చట్టం చెప్పినా చెప్పకపోయినా ఇది పాటించాల్సిందే.

వారం ముందు: నీటి లెక్క

ఇక్కడి నుంచి రోజూ ఐదు నిమిషాలు కేటాయించండి. మూడు విషయాలు చూడాలి: నదిలో నీటిమట్టం, ఎగువ ప్రాంతంలో వాన, ఎగువన డ్యాం ఉంటే దాని నుంచి వదిలే నీరు. చాలా దేశాల్లో పెద్ద నదుల నీటిమట్టాలను ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్‌లో పెడుతున్నాయి. ఒక రోజు అంకె చూస్తే ఏమీ తెలియదు. వారం పాటు చూస్తే నది పెరుగుతోందా, తగ్గుతోందా, నిలకడగా ఉందా అన్నది తెలుస్తుంది. మనకు కావాల్సింది అదే.

నిలకడగా ఉన్న నీరు మంచిది. వరద తర్వాత మెల్లగా తగ్గుతూ, బురద రంగు విడిచి పల్చబడుతున్న నీరు అన్నిటికంటే మంచిది. వరదకు కొట్టుకొచ్చిన పురుగులు, వానపాములు, గింజలు నీటిలో ఉంటాయి, చేపలు చురుగ్గా మేస్తాయి, కొంచెం మసక ఉండటం వల్ల మనం వాటికి అంతగా కనపడం. వేగంగా పెరుగుతున్న నీరు చెడ్డది, ప్రమాదం కూడా. గడ్డీ గాదం కొట్టుకొస్తుంటే గాలం నిలవదు, కాళ్ల కింద గట్టు నిలుస్తుందన్న హామీ లేదు.

వేడి కూడా లెక్కలోకి తీసుకోండి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్ర మట్టం దగ్గర 10 డిగ్రీల సెల్సియస్‌లో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 20 డిగ్రీల్లో 9.1, 30 డిగ్రీల్లో 7.5 మాత్రమే. అదే సమయంలో వేడికి చేప శరీరం ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. అందుకే మండే ఎండాకాలం మధ్యాహ్నం చేప మేత మానేసి లోతుకో, నీడకో, రాళ్ల మీద నీరు తుళ్లి పారే చోటికో చేరుతుంది. ట్రౌట్ లాంటి చల్లనీటి చేపలున్న నదిలో నీరు 20 డిగ్రీలు దాటితే వాటిని పట్టి వదిలినా బతకడం కష్టం. ఆ రోజుకి గాలం కట్టిపెట్టడమే న్యాయం. చిన్న థర్మామీటరు బ్యాగులో పడేసుకోండి.

చంద్రుడి కళలను బట్టి చేపలు ఎప్పుడు మేస్తాయో చెప్పే పట్టికలు దొరుకుతాయి. వాటిని బట్టి సెలవు పెట్టడం నాకు సమ్మతం కాదు. నీటిమట్టం, వేడి, వెలుతురు, ఈ మూడూ సరిగ్గా ఉన్న రోజు ఎంచుకుంటే చాలు.

ఏ చేప కోసం వెళ్తున్నారు?

"ఏది పడితే అది" అనుకుని వెళ్తే ఏదీ పడదు. ఆ నదిలో ఉన్న జాతుల్లో ఒకటో రెండో ఎంచుకుని, వాటి అలవాట్లను బట్టి మిగతావన్నీ నిర్ణయించుకోండి. బంగారు తీగ అడుగు బురదను నోటితో తవ్వుకుంటూ మేస్తుంది. ఉదయాన్నే నెమ్మది నీటిలో చిన్న బుడగలు వరసగా లేస్తుంటే అది అక్కడ ఉండవచ్చు. దానికి వానపాము, మొక్కజొన్న గింజలు, పిండి ముద్ద సరిపోతాయి. వాలుగ, జెల్ల లాంటి మీసాల చేపలు మసక వెలుతురులో, రాత్రి తిరుగుతాయి. చూపు కంటే వాసన, రుచి మీద ఆధారపడతాయి. వాటి మీసాల మీదే కాదు, ఒంటి మీద కూడా రుచి మొగ్గలు ఉంటాయి. అందుకే ఘాటు వాసన ఉన్న ఎర, అడుగున ఆనించి పెట్టాలి. కొర్రమీను గాలి కూడా పీలుస్తుంది, కాసేపటికోసారి పైకి వచ్చి వెళ్తుంది. నాచు, తూడు పెరిగిన పల్లపు నీటిలో కప్ప బొమ్మ లాంటి కృత్రిమ ఎరను పైపైన లాగితే వెంటపడుతుంది.

ఎంచుకున్న జాతి ఏ పూట మేస్తుందో అదే మీ ట్రిప్ టైంటేబుల్. తెల్లవారుజాము మేసే చేప కోసం వెళ్తూ పది గంటలకు ఒడ్డుకు చేరే బస్సు ఎక్కితే లాభం లేదు.

సామాను

దీని గురించి ఎక్కువ చెప్పను. ఆరు నుంచి ఎనిమిది అడుగుల మధ్యస్థ బలం ఉన్న రాడ్డు, చిన్న స్పిన్నింగ్ రీలు, మామూలు సైజు చేపలకైతే ఎనిమిది నుంచి పన్నెండు పౌండ్ల లాగుడుకు ఆగే నైలాన్ దారం కొత్తవాళ్లకు సరిపోతాయి. పెద్ద వాలుగ కోసమైతే ఇవన్నీ బలమైనవి కావాలి. గాలాల నంబర్లు మొదట్లో తికమక పెడతాయి. 12 కంటే 6 పెద్దది, 6 కంటే 1 పెద్దది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అంటూ అంకెతో పాటు సైజు పెరుగుతుంది. చిన్న చేపలకు 10, 12, మధ్యరకానికి 4 నుంచి 6, పెద్ద మీసాల చేపలకు 2/0 పైన. ఒక్కో సైజులో ఓ పది ఉంటే చాలు.

గాలం ముల్లు వెనక ఉండే చిన్న కొక్కేన్ని శ్రావణంతో నొక్కేయండి. చేప ఎక్కువగా జారిపోతుందని భయపడతారు కానీ, దారం వదులు కాకుండా చూసుకుంటే అంత తేడా ఉండదు. చేపకు గాయం తక్కువ, మీ వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది. బరువుల విషయంలో సీసం గుండ్లు మానేసి ఉక్కువో టంగ్‌స్టన్‌వో తీసుకోండి. నీటిలో పోయిన సీసం గుండ్లను హంసలు గులకరాళ్లనుకుని మింగి చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న సీసం గుండ్లను నిషేధించారు.

రీలు బ్రేకును దారం బలంలో పావు నుంచి మూడో వంతు దగ్గర తెగకుండా జారేలా బిగించండి. దారం పన్నెండు పౌండ్లదైతే మూడు నాలుగు పౌండ్ల లాగుడుకే జారాలి. ముడి వేశాక బిగించే ముందు నీటితోనో ఉమ్మితోనో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది, పెద్ద చేప తెంపుకుపోయేది ఎక్కువగా అక్కడే. ఒక్క ముడి చాలు: దారాన్ని గాలం కంట్లోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కొసను కంటి పక్కనున్న మొదటి సందులోంచి, తర్వాత ఏర్పడిన పెద్ద మడతలోంచి తీసి, తడిపి బిగించాలి. ఇంట్లో కళ్లు మూసుకుని వేయగలిగేదాకా సాధన చేయండి. తెల్లవారుజామున చీకట్లో వేయాల్సి వస్తుంది.

చేపలు తప్ప మిగతా వాటి కోసం: జారని అడుగు ఉన్న బూట్లు, బెల్టు లాగా కట్టుకునే లైఫ్ జాకెట్, తలకు కట్టుకునే లైటు, విజిల్, తాగునీరు, ముడులు లేని మెత్తటి వల ఉన్న చేతి జాలి, పొడవు మూతి శ్రావణం, కత్తెర, ప్రథమ చికిత్స పెట్టె. పోలరైజ్డ్ కళ్లద్దాలు నీటి మీద మెరుపును కోసేస్తాయి, అడుగు కనిపిస్తుంది. అవి కంటికి గాలం తగలకుండా కూడా కాపాడతాయి. గాలం విసిరే చోట కళ్లద్దాలు లేకుండా ఎవరూ నిలబడకూడదు, పిల్లలైతే అసలే కూడదు.

ఊరు చేరాక: ముందు మనుషులు

చేరిన రోజు సాయంత్రం గాలం వేయకుండా ఊరివాళ్లతో మాట్లాడండి. నది మీద బతికేవాళ్లను, రోజూ ఒడ్డుకు వచ్చేవాళ్లను అడగండి. "చేపలు ఎక్కడ పడతాయి?" అని అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. వాళ్ల బతుకుదెరువు అది. వేరే ప్రశ్నలు అడగండి. పిల్లల్ని ఎక్కడ దిగనివ్వరు? గేట్లు ఎత్తితే నీళ్లు ఇక్కడికి ఎంతసేపట్లో వస్తాయి, ముందు సైరన్ మోగుతుందా? ఈ వారం నీరు పెరిగిందా తగ్గిందా? ఫ్యాక్టరీ నీళ్లు, మురుగు ఎక్కడ కలుస్తాయి? ఇవి క్షేమానికి సంబంధించిన ప్రశ్నలు కాబట్టి మనస్ఫూర్తిగా జవాబిస్తారు, ఆ మాటల్లోనే మడుగులెక్కడున్నాయో కూడా తెలిసిపోతుంది. వాళ్ల వలలు, మావులు (చేపలు చిక్కే బుట్టలు) ఉన్న చోట గాలం వేయకండి. చీకటి పడేలోగా ఒకసారి ఒడ్డు వెంట నడిచి, మర్నాడు చీకట్లో ఏ దారిన రావాలో చూసుకోండి.

నీటిని చదవడం

ట్రిప్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఒడ్డుకు చేరగానే గాలం విసరకండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఊరికే చూడండి.

నదిలో చేపకు మూడు కావాలి: ప్రవాహానికి ఎదురు కష్టపడకుండా నిలిచే చోటు, దగ్గర్లోనే కొట్టుకొచ్చే మేత, దాక్కోవడానికి మరుగు. ఈ మూడూ కలిసే చోట చేప ఉంటుంది. వేగంగా పోయే నీరు, నెమ్మదిగా ఉన్న నీరు పక్కపక్కనే పారుతుంటే మధ్యలో ఒక గీత కనిపిస్తుంది, నురగ, ఆకులు దాని వెంట పోతుంటాయి. చేప నెమ్మది వైపు నిలబడి, వేగం వైపు నుంచి వచ్చే మేతను చటుక్కున అందుకుంటుంది. ఎర ఆ గీత మీద పడాలి. నది మధ్యలోకి వీలైనంత దూరం విసరడం చాలామందికి అలవాటు. చేపలు చాలాసార్లు వాళ్ల కాళ్ల దగ్గరే, గట్టు కింద నీడలో ఉంటాయి.

వంతెన స్తంభాలకు, పెద్ద బండలకు వెనక నెమ్మది నీరు ఉంటుందని అందరికీ తెలుసు. ముందు కూడా ఉంటుంది. ఎదురుగా వచ్చే నీరు రాయికి కొట్టుకుని ఆగిపోయే చిన్న మెత్తటి జాగా అది, పెద్ద చేప తరచుగా అక్కడే ఉంటుంది. పడిపోయిన చెట్టు, వేళ్లు బయటపడిన గట్టు, వాగు వచ్చి కలిసే చోట చల్లటి నీరు, తుంగ అంచు, ఇవన్నీ చూడదగ్గవే. రాళ్ల మీద తుళ్లి పారిన నీరు మడుగులోకి దిగే చోట ఆక్సిజన్ ఎక్కువ, ఎండాకాలంలో అక్కడే మొదలుపెట్టండి. సాయంత్రం వెలుతురు తగ్గాక చేపలు మడుగు చివర్లో నీరు పల్చబడే చోటికి మేతకు వస్తాయి.

మీరు చేపను చూసేలోపే అది మిమ్మల్ని గుర్తుపట్టగలదు. దాని ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే గీత నీటి కదలికలను పసిగడుతుంది, గట్టు మీద దబదబ నడిస్తే తెలిసిపోతుంది. పైన ఉన్న లోకం దానికి దాదాపు 97 డిగ్రీల శంఖం ఆకారపు కిటికీ గుండా మాత్రమే కనిపిస్తుంది. ఒడ్డున నీటి మట్టానికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉన్న వస్తువులు ఆ కిటికీ అంచున నలిగి, మసగ్గా కనపడతాయి. కాబట్టి వంగి, మెల్లగా, నేల రంగు బట్టల్లో, మీ నీడ నీటి మీద పడకుండా దిగువ నుంచి ఎగువకు నడవండి. చేపలు ప్రవాహానికి ఎదురు తిరిగి ఉంటాయి కాబట్టి వెనక నుంచి వచ్చినట్టవుతుంది.

గాలం వేయడం

ముందు లోతు కొలవండి. బెండు (దారానికి కట్టే, నీటిపై తేలే గుర్తు) మోయలేనంత బరువును గాలానికి తగిలించి అనుకున్న చోట వేయండి. బెండు మునిగిపోతే నీటి లోతు మీరు పెట్టిన దూరం కంటే ఎక్కువని అర్థం, బెండును పైకి జరపండి. బెండు అడ్డంగా పడుకుంటే దూరం ఎక్కువైంది, కిందికి జరపండి. కొస మాత్రం నీటిపైకి కనిపిస్తే లోతు సరిపోయింది. ఇక బరువు తీసేసి, అడుగున మేసే చేపకు ఎర నేలను తాకేలా, మధ్యలో మేసే చేపకు కొంచెం పైన ఉండేలా సరిచూసుకోండి. ఈ ఐదు నిమిషాల పని వదిలేసి రోజంతా ఎర మార్చేవాళ్లను చూస్తే బాధనిపిస్తుంది.

చేపలను రప్పించడానికి వేసే మేత కొద్దికొద్దిగా, ఒకే చోట, మీ ఎరకు కాస్త ఎగువన వేయండి. గుప్పిళ్లతో పోస్తే కడుపు నిండిపోయి ఎరను పట్టించుకోవు, మిగిలింది కుళ్లి నీటిని పాడుచేస్తుంది. అరగంటలో కదలిక లేకపోతే ముందు లోతు మార్చండి, తర్వాత ఎర, తర్వాత చోటు.

బెండు వణికితే వెంటనే లాగకండి. అది మునిగి ఒక వైపు జరగడం మొదలుపెట్టాక రాడ్డును స్థిరంగా ఎత్తండి. గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ గాలం వాడుతుంటే అసలు గుంజకూడదు. దారం బిగిసేదాకా రీలు తిప్పితే చాలు, అది నోటి మూలకు తగులుకుంటుంది. ఎర అడుగున పెట్టి ఆగేవాళ్లకు నేను అదే చెబుతాను, చేప గాలాన్ని మింగే అవకాశం బాగా తగ్గుతుంది.

నీళ్లలో దిగేముందు

నీటి వేగం రెట్టింపైతే అది మీ కాళ్ల మీద తోసే బలం నాలుగు రెట్లవుతుంది. మొన్న దిగిన చోటే కదా అని ఇవాళ దిగకండి. నదుల్లో నీటి కొలతలు తీసేవాళ్లు పాటించే ఒక లెక్క ఉంది: అడుగుల్లో లోతును, సెకనుకు అడుగుల్లో వేగంతో గుణిస్తే 10 దాటకూడదు. ఒడ్డున పది అడుగులు కొలిచి, ఒక ఆకు వేసి ఎన్ని సెకన్లలో దాటుతుందో చూడండి. రెండు సెకన్లలో దాటితే వేగం సెకనుకు ఐదు అడుగులు, అంటే రెండు అడుగుల లోతే హద్దు. ఆ కొలతలు తీసేవాళ్లు శిక్షణ ఉన్నవాళ్లు. మనలాంటివాళ్లు అందులో సగానికే ఆగిపోవడం మంచిది. చేతికర్ర లేకుండా దిగొద్దు, ఒంటరిగా అసలే దిగొద్దు.

నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. పావుగంటకోసారి చూడండి. పుల్ల దగ్గర నీరు పైకి వచ్చినా, తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం పెరిగినా, నది చప్పుడు మారినా, సామాను వదిలేసైనా పైకి వచ్చేయండి. మధ్య లంక మీదికి దాటి కూర్చున్నవాళ్లు చిక్కుకుపోయేది సరిగ్గా ఇలాంటప్పుడే.

చిన్న ఆనకట్ట, చెక్‌డ్యాం కింద నీరు చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది, చేపలూ ఉంటాయి. కానీ పైనుంచి పడిన నీరు కింద వెనక్కి తిరిగి గోడ వైపు లాగుతుంది. ఒకసారి అందులో పడితే ఈత వచ్చినవాళ్లు కూడా బయటపడటం చాలా కష్టం. అక్కడ దూరంగా ఒడ్డు మీద నుంచే వేయండి, నిషేధం ఉంటే వేయొద్దు.

ఉరుము వినిపించిందంటే పిడుగు అందే దూరంలో ఉన్నట్టే. రాడ్డు కింద పెట్టి పక్కా భవనంలోకో కారులోకో వెళ్లండి, చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా రావద్దు. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది కాబట్టి కరెంటు తీగలకు కనీసం 30 మీటర్ల దూరంలో వేయండి. కాళ్లకు, చేతులకు తెగిన గాయాలుంటే వాటర్‌ప్రూఫ్ పట్టీ వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది. ట్రిప్ తర్వాత వారం రెండు వారాల్లో గట్టి జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే డాక్టరుకు నదిలో దిగిన సంగతి చెప్పండి.

చేప చేతికి వచ్చాక

ఉంచుకుంటారా, వదిలేస్తారా అన్నది గాలం వేయకముందే అనుకోవాలి. వదిలేసేదైతే నీటిలో ఉండగానే గాలం తీసేయడం ఉత్తమం. చేయి తడుపుకుని పట్టుకోండి, పొడి చెయ్యి చేప ఒంటి మీది జిగురు పొరను తీసేస్తుంది, దాన్ని రోగాల నుంచి కాపాడేది ఆ పొరే. మొప్పల్లో వేళ్లు పెట్టకండి. ఫొటో కోసం నీటి బయట ఎంతసేపు ఉంచుతారన్నది చాలా ముఖ్యం. 1992లో కెనడాలో రెయిన్‌బో ట్రౌట్‌ల మీద చేసిన ఒక ప్రయోగంలో, బాగా అలసిపోయేలా ఈదించిన చేపల్లో 12 శాతం చనిపోయాయి. అలాగే అలసిన వాటిని 30 సెకన్లు గాలిలో ఉంచితే 38 శాతం, 60 సెకన్లు ఉంచితే 72 శాతం చనిపోయాయి. కెమెరా సిద్ధం చేసుకున్నాకే చేపను ఎత్తండి, మీరు ఊపిరి బిగబట్టి మామూలుగా ఆపగలిగినంత లోపే దించేయండి. గాలం లోపలికి మింగేసి ఉంటే లాగొద్దు, దారం నోటి దగ్గర కత్తిరించి వదలండి. బతికే అవకాశం అలాగే ఎక్కువ. ఎదురు ప్రవాహానికి ముఖం పెట్టి, తనంతట తాను తోక ఆడించి వెళ్లేదాకా పట్టుకోండి.

ఉంచుకునేదైతే తల మీద, కళ్లకు కొంచెం వెనక ఒక్క గట్టి దెబ్బతో వెంటనే చంపండి. గిలగిలా కొట్టుకుంటూ చావనివ్వడం క్రూరం. మాంసం నాణ్యత కూడా పోతుంది. పేగులు తీసి, మొప్పలు తీసి, ఐసులో పెట్టండి. ఐసు కరిగిన నీరు పోయేలా చూసుకోండి. నది చేపలను పచ్చిగా, సగం ఉడికించి తినొద్దు, కొన్నిట్లో కాలేయానికి పట్టే పరాన్నజీవులుంటాయి. ఫ్యాక్టరీ మురుగుకు దిగువన పట్టినదేదీ ఇంటికి తేవొద్దు.

తిరిగొచ్చేటప్పుడు

తెగిన దారం ముక్క ఒక్కటి కూడా ఒడ్డున వదలకండి. నైలాన్ ఏళ్ల తరబడి చివకదు, పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది. చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి. మిగిలిన బతికున్న ఎరను నదిలో వదలొద్దు. అది ఆ నదికి చెందని జాతి కావచ్చు.

ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్లే ముందు బూట్లు, వల, జాలి కడిగి పూర్తిగా ఆరబెట్టండి. 2004లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలో డిడిమో అనే నాచు కనిపించింది. కంటికి కనపడనంత చిన్న కణం తడి సామానుతో పాటు నది నుంచి నదికి పాకుతుంది. 2008లో ఆ దేశం తడి ఆరడానికి ఎక్కువ సమయం పట్టే ఫెల్ట్ (ఉన్ని లాంటి మెత్తటి గుడ్డ) అడుగుల బూట్లను చేపల వేటలో నిషేధించింది. కంటికి శుభ్రంగా కనిపిస్తే సరిపోదు, లోపలి పొరలు కూడా ఎండాలి.

అదే రాత్రి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఆన్‌లైన్‌లో చూసిన నీటిమట్టం ఎంత, వంతెన స్తంభం మీద నీరు ఏ గుర్తు దాకా ఉంది, నీటి వేడి, రంగు, ఏ గంటలో ఏ చోట ఏ లోతులో ఏ ఎరకు పడింది, ఎక్కడ ఏమీ పడలేదు. స్తంభం ఫొటో కూడా తీసి పెట్టుకోండి. రెండో ట్రిప్‌కు ఆ అంకె చూసి, వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు.